మగ్గం ఆగినప్పుడు: ఒక విద్యార్థి డాక్యుమెంటరీ షూటింగ్‌పై కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ విద్యార్థి ఒప్పుకుంది, వాళ్లు షూట్ చేసిన కుటుంబం కూడా ఒప్పుకుంది. పేర్లు, ఊరు, కాలేజీ, సంవత్సరం చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న రెండు మూడు సంగతులు తీసేశాను. పని వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, ఈ కేసులో అసలు విషయం వాటిలోనే ఉంది కాబట్టి.

నేను చాలాకాలం డాక్యుమెంటరీలకు కెమెరామన్‌గా పనిచేసి, ఇప్పుడు సినిమాటోగ్రఫీ విద్యార్థులకు మెంటార్‌గా ఉంటున్నాను.

నేపథ్యం

ఆ అమ్మాయిది చివరి సంవత్సరం. డిప్లొమా కోసం పదిహేను నిమిషాల లోపు డాక్యుమెంటరీ తీయాలి. యూనిట్ అంటే ఇద్దరే. ఈమె కెమెరా, క్లాస్‌మేట్ ఒకతను డైరెక్షనూ సౌండూ. పోచంపల్లి వైపు ఒక చిన్న ఊళ్లో చిటికి (ఇక్కత్) పట్టుచీరలు నేసే ఇల్లు ఎంచుకున్నారు. నేసేది ఇంటాయన. ఆసు పోయడం, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం ఆయన భార్య చూసుకుంటుంది. పిల్లలు చదువులకు బయట ఉన్నారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. చిటికి చీరలో డిజైన్ నేతకంటే ముందే నూలు మీదికి ఎక్కుతుంది. నూలును కొలత ప్రకారం పరిచి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, అద్దకం చేసి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేస్తారు. ఆ కొలత ప్రకారం నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పనే ఆసు పోయడం. చేత్తో చేస్తే ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. అందుకు ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఆ పనిని గంటన్నరకు తెచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

విద్యార్థిగా ఆమె చాలా గట్టిది. క్లాసులో లైటింగ్ ఎక్సర్‌సైజులు అందరికంటే బాగా చేసేది. షార్ట్ ఫిల్మ్‌లు నాలుగైదు షూట్ చేసింది. డాక్యుమెంటరీ ఇదే మొదటిది.

మొదటి ఫుటేజ్

రెండు రోజులు షూట్ చేసి ఐదు గంటల ఫుటేజ్ తెచ్చింది. గింబల్ (కదిలినా కుదుపు రాకుండా పట్టే స్టాండు) మీద కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్, అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా తెరిచి ఎఫ్ 1.8. నాడె (అడ్డం దారాన్ని, అంటే పేకను, అటూ ఇటూ మోసేది) వెళ్తున్నప్పుడు, పడుగు (నిలువు) దారాల మీద వెలుతురు పడుతున్నప్పుడు, ఆయన చేతి నరాల మీద... దాదాపు సగం షాట్లు సెకనుకు 100 ఫ్రేముల స్లోమోషన్. చూస్తుంటే కళ్లకు నిజంగా బాగుంది. ఎడిటింగ్ టేబుల్ మీద పెడితే మూడు నిమిషాలు కూడా నిలబడలేదు. ఒక షాట్‌ను ఇంకో షాట్ పక్కన పెట్టడానికి కారణం దొరకలేదు.

ముందు సాంకేతిక సమస్యలే కనిపించాయి. మగ్గం పైన వేలాడే చవక ఎల్‌ఈడీ బల్బు వెలుగు స్లోమోషన్‌లో పట్టీలు పట్టీలుగా కదిలింది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. అలాంటి బల్బులు సెకనుకు వంద సార్లు వెలిగి తగ్గుతుంటాయి. 25 ఫ్రేములకు షటర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మెరుపులు పడతాయి కాబట్టి తేడా కనపడదు. స్లోమోషన్ కోసం 1/200 పెడితే మెరుపులో ఒక ముక్కే పడుతుంది. ఇది ఆమెకు తెలుసు. ఆ గదిలోకి వెళ్లాక మర్చిపోయింది, మోజు అలాంటిది.

కానీ నన్ను ఆపింది అది కాదు. ఒక షాట్‌లో ఆయన మగ్గం ఆపి, ముందుకు వంగి, వేలితో దేన్నో సర్దుతున్నాడు. కెమెరా అప్పుడే మెల్లగా పక్కకు జరిగి కిటికీ మీదికి వెళ్లిపోయింది. అక్కడ ఆపి అడిగాను: "ఆయన ఏం చేస్తున్నాడిక్కడ?" ఆమె ఆలోచించి, "దారం సరిచేస్తున్నాడనుకుంటా సార్" అంది. డైరెక్టర్ వైపు చూశాను. అతనికీ తెలియదు.

ఇంకొకటి. ఆసు షాట్లలో పెద్దమ్మ (ఇంటాయన భార్యను వాళ్లిద్దరూ అలాగే పిలిచేవాళ్లు) చేత్తో నూలు తిప్పుతోంది. ఫ్రేము అంచున దుప్పటి కప్పిన వస్తువు ఒకటి కనిపించింది. ఏంటని అడిగితే అమ్మాయి చాలాసేపటికి చెప్పింది, అది ఆసు యంత్రం. మోటారు పెట్టె, తీగలు ఫ్రేములో బాగుండవని, చేత్తో చేస్తే అందంగా ఉంటుందని అడిగారట. పెద్దమ్మ కాదనలేక అరగంట చేసి చూపించింది.

నేను కోప్పడలేదు. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఏ నొప్పి పోవాలని ఆ యంత్రం పుట్టిందో, ఆ నొప్పినే మా ఫ్రేము కోసం ఆ మనిషి భుజానికి మళ్లీ ఎక్కించాం. అరగంటే కదా అనడానికి వీల్లేదు. డాక్యుమెంటరీ అని పేరు పెట్టుకుని తెర మీద చూపించబోయేది ఆ ఇంట్లో ఎప్పుడో మానేసిన పని.

లైట్లు: నేనిచ్చిన తప్పు సలహా

ఇక్కడ నా పొరపాటు రాయాలి. అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని తెలిసి కూడా నేను దాన్ని వెలుతురు సమస్యగానే తీసుకున్నాను. గది చీకటి. ఒకే కిటికీ, ఒకే బల్బు. వెలుతురు చాలక అపర్చర్ అంతగా తెరిచింది, ఫోకస్‌లో ఉండే లోతు తగ్గింది, అందుకే దగ్గరి ముక్కలు తప్ప మనిషి, మగ్గం, గది కలిపి కనపడటం లేదు అని లెక్కగట్టాను. లెక్కలో తప్పు లేదు. దాంతో చిన్న ఎల్‌ఈడీ ప్యానెళ్లు రెండు, తెల్ల థర్మోకోల్ షీటు తీసుకెళ్లమన్నాను.

రెండు రోజుల్లో మూడు సంగతులు జరిగాయి. ప్యానెల్ వెలుగు పక్కనుంచి పట్టు మీద పడి మెరుపు కొట్టింది. చిటికి నేతలో ప్రతి పేకకూ రంగు అంచు ముందు వరసతో కలిసిందా లేదా అని చూసి, కలవకపోతే వేలితో రవ్వంత లాగి సర్దాలి. ఆ మెరుపులో ఆయనకు అంచు తెలియలేదు. నాలుగు వరసలు తప్పు పడితే విప్పి మళ్లీ నేశాడు. కూలీ చీర లెక్కన వస్తుంది, గంటల లెక్కన కాదు. ఆ విప్పిన సమయం ఆయన జేబులోంచే పోయింది. రెండోది, లైట్లు చూసి వాడకట్టు జనం గుమ్మంలో చేరారు. ఆయన మాటలో బిగువు వచ్చింది. మూడోది, సాయంత్రం పెద్దమ్మ మెల్లగా అడిగింది: "బిడ్డా, గీ లైట్లకు కరెంటు బిల్లు మీకెల్లి వస్తదా, మాకెల్లి పోతదా?"

ఆ మాట అమ్మాయి ఫోన్‌లో నాకు చెప్పినప్పుడు లైట్లు సర్దేయమన్నాను. బిల్లుకు డబ్బు ఇవ్వొచ్చు, అది ఇచ్చాం కూడా. కానీ ఆ గదిలో వెలుతురు ఆయన పనిముట్టు. దాన్ని మార్చే ముందు ఆయనను అడగాలన్న ఆలోచన ఆమెకూ రాలేదు, నాకూ రాలేదు.

వదిలేసి కూర్చోవడం

తర్వాత ఆమె పూర్తిగా అటు చివరకు వెళ్లింది. డాక్యుమెంటరీ చరిత్ర చదివింది. 1960 ప్రాంతంలో తేలికపాటి 16 ఎం.ఎం. కెమెరాలు, భుజానికి తగిలించుకునే నాగ్రా లాంటి టేప్ రికార్డర్లు వచ్చాక, మాటను బొమ్మతో పాటే రికార్డ్ చేస్తూ మనుషుల వెంట తిరగడం ఎలా కుదిరిందో తెలుసుకుంది. జోక్యం చేసుకోకుండా గమనించడమే మార్గం అనుకుంది. ట్రైపాడ్ మూలన పెట్టి, వైడ్ లెన్స్ వేసి, రికార్డ్ నొక్కి పక్కన కూర్చుంది. మూడు రోజులు, పద్నాలుగు గంటలు.

ఈ ప్రయత్నాన్ని నేను తక్కువ చేయను. మొదటిసారి ఆ గదిలో మనుషులు మామూలుగా కనిపించారు. యంత్రం మీద దుప్పటి లేదు. కానీ చూస్తుంటే సీసీ కెమెరా చూసినట్టే ఉంది. ముఖ్యమైనదీ కానిదీ ఒకే దూరంలో, ఒకే ఎత్తులో. ట్రైపాడ్ మనిషి ఎత్తున ఉంది, గుంట మగ్గం మీద నేసేవాడు నేల మట్టానికి కూర్చుంటాడు, కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. పద్నాలుగు గంటలూ మనం ఆయన నడినెత్తినే చూశాం.

అప్పుడామెకు ఒక లెక్క చెప్పాను. ఆ రోజుల్లో 16 ఎం.ఎం. ఫిల్ము చుట్ట 400 అడుగులు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పదకొండు నిమిషాలకు అయిపోతుంది. జోక్యం చేసుకోలేదని మనం అనుకునే ఆ కెమెరామన్లు నిజానికి ప్రతి పదకొండు నిమిషాలకూ తేల్చుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు తిప్పాలా, దాచుకోవాలా అని. మెమొరీ కార్డు ఆ బలవంతాన్ని తీసేసింది. తేల్చుకోవాల్సిన పని మాత్రం మిగిలే ఉంది. పద్నాలుగు గంటల ఫుటేజ్‌లో ఆ అమ్మాయి దాన్ని ఎడిటింగ్‌కు వాయిదా వేసింది.

కెమెరా లేని ఐదు రోజులు

వచ్చే షెడ్యూల్‌లో మొదటి ఐదు రోజులు కెమెరా బ్యాగు తెరవొద్దన్నాను. ఆమె బాగా టెన్షన్ పడింది. కెమెరా లెక్కపెట్టిన రోజులకే ఇస్తారు, ఐదు రోజులు ఊరికే పోతాయి అంది. డైరెక్టర్ కూడా ఒప్పుకోలేదు. నేను వెనక్కి తగ్గకపోవడానికి కారణం ఆ పాత ప్రశ్నే. ఆయన వంగి ఏం చేస్తున్నాడో తెలియని మనిషి, ఆయన వంగబోతున్నాడని ఎలా కనిపెడుతుంది? కెమెరామన్‌కు వేగం చేతుల్లోంచి రాదు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసినప్పుడే ఫ్రేము సమయానికి సిద్ధంగా ఉంటుంది.

ఒక నోట్‌బుక్కు, సౌండ్ రికార్డర్ మాత్రం అనుమతించాను. పెద్దమ్మ దగ్గర కూర్చుని కండెలు చుట్టడం నేర్చుకుంది. మొదటి రోజు చుట్టినవి వదులుగా ఉంటే పెద్దమ్మ విప్పి మళ్లీ చుట్టింది. మూడో రోజుకు ఆమె చుట్టిన కండె మగ్గానికి వెళ్లింది. నాలుగో రోజు రాత్రి నాకు మెసేజ్ పెట్టింది: "సార్, మగ్గం శబ్దం ఆగుతుందని ఆగకముందే తెలుస్తోంది."

ఈ కేసులో మలుపు ఇదే అని నా నమ్మకం.

రికార్డర్‌లో శబ్దాలు వింటూ ఆమె కనిపెట్టింది ఇది. నేత సాఫీగా సాగుతున్నప్పుడు నాడె, పేకను కొట్టే పలక దెబ్బ ఒక లయలో ఉంటాయి. రంగు అంచు సర్దాల్సి వస్తే లయ మధ్యలో చిన్న విరామం. పడుగులో పోగు తెగితే ముందు రెండు దెబ్బలు మెత్తబడి, తర్వాత పూర్తిగా ఆగుతుంది. ఆయన తెగిన పోగు వెతికి ముడివేస్తాడు, ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఇంట్లో మాటలు జరుగుతాయి. కొడుకు ఫీజు, గ్యాస్ సిలిండర్, పెళ్లికి పెట్టాల్సిన బట్టలు, అన్నీ పోగు తెగినప్పుడే. మగ్గం ఆడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు.

మేం ఇన్ని రోజులూ మగ్గం ఆడుతున్నప్పుడు షూట్ చేస్తూ, ఆగగానే కట్ కొడుతున్నాం.

పదకొండు నిమిషాలు

చివరి నాలుగు రోజులకు ముగ్గురం కలిసి నియమాలు పెట్టుకున్నాం. రోజుకు నాలుగు టేకులు, ఒక్కోటి పదకొండు నిమిషాలు మించకూడదు. ఒకే లెన్స్, వాళ్ల కెమెరాకు 24 ఎం.ఎం. ఆ చిన్న సెన్సర్ మీద అది మరీ వైడ్ కాదు. మనిషికి బాగా దగ్గరగా కూర్చున్నా ముఖం మరీ సాగినట్టు ఉండదు, వెనక గది కూడా ఉంటుంది. అంత దగ్గరగా కూర్చోవాలంటే వాళ్లకు నువ్వు అలవాటై ఉండాలి. జూమ్ ఉంటే ఆ అలవాటు అక్కర్లేకుండా పోతుంది, అందుకే వద్దన్నాను.

కెమెరా గుంట అంచున, మడతపెట్టిన బొంత మీద పెట్టింది. అక్కడినుంచి ఆయన చేతులు, ముఖం, పేకను కొట్టే పలక ఒకే ఫ్రేములోకి వచ్చాయి. ట్రైపాడ్ మీద మూడు రోజులు దొరకనిది ఒక బొంతతో దొరికింది.

వెలుతురుకు ఈసారి ఆయనను అడిగింది. బల్బు అదే చోట ఉండాలి, కొంచెం ఎక్కువ వెలుగుంటే తనకూ మంచిదే అన్నాడు. వణకని మంచి బల్బు కొని అదే హోల్డర్‌కు పెట్టారు. ఎదురు గోడకు పెద్దమ్మ తెల్లచీర ఒకటి ఆరేసినట్టు కట్టారు, కిటికీ వెలుగు దాని మీంచి తిరిగి ఆయన ముఖం మీదికి వచ్చింది. షటర్ 1/50, అపర్చర్ ఎఫ్ 2.8. కిటికీ బయట తెల్లగా పోయినా వదిలేయాలని నిర్ణయించింది. ముఖం కోసం కిటికీని వదులుకోవడం, క్లాసులో మార్కులు పోగొట్టే పని. ఇక్కడ నాకది చాలా నచ్చింది.

మొత్తం పదహారు టేకులు, మూడు గంటలకు కాస్త తక్కువ. సినిమా దాదాపు అంతా అందులోంచే వచ్చింది.

ఒక టేకు గురించి చెప్పాలి. దెబ్బ మెత్తబడటం విని, ఆగకముందే రికార్డ్ నొక్కింది. ఆయన పోగు వెతుకుతున్నాడు. వెనక ఆసు యంత్రం తిరుగుతోంది, పెద్దమ్మ దాని పక్కన నిలబడి కుడి చేత్తో ఎడమ భుజం నొక్కుకుంటోంది. "యంత్రమొచ్చినంక గూడ గీ నొప్పి పోలేదు, పాతది గిట్లనే ఉండిపోయింది" అంది. ఆయన తలెత్తకుండానే "నూనె రాసుకో" అన్నాడు. పోగు ముడిపడింది. మళ్లీ మగ్గం మొదలైంది, ఆమె ఇంకేదో అంది, వినపడలేదు. నాలుగు నిమిషాల షాట్. మధ్యలో ఫోకస్ పెద్దమ్మ మీదికి మార్చాలని చెయ్యి వెళ్లిందట. మార్చలేదు. ఆయన వినీ విననట్టు పని చేసుకోవడం కనపడాలంటే ఆయన స్పష్టంగా ఉండాలి, ఆమె మాట వెనకనుంచి రావాలి అని ఆ క్షణంలో అనిపించిందట. అది సరైన నిర్ణయం. మొదటి షెడ్యూల్‌లో చేత్తో ఆసు పోయించి తీసిన అందమైన షాట్లన్నిటికంటే ఆ భుజం గురించి ఎక్కువ చెప్పింది ఈ షాట్.

తీసేసిన సీను

అంతకంటే బలమైన టేకు ఇంకొకటి ఉంది. అందులో ఇంటాయన నూలు, పని ఇచ్చే వ్యాపారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు గురించి, కోతల గురించి మాట్లాడాడు. మాట్లాడేటప్పుడు కెమెరా ఉందని తెలుసు, అభ్యంతరం చెప్పలేదు. రఫ్ కట్‌లో (మొదటి ముడి ఎడిట్‌లో) చూసిన వాళ్లందరూ అదే గుండెకాయ అన్నారు. డైరెక్టర్ దాన్ని వదులుకోవడానికి ససేమిరా అన్నాడు.

ఆమె వాళ్లకు ఫోన్ చేసి ఆ మాటలు చదివి వినిపించింది. ఆయన ఉండనీ అన్నాడు. పెద్దమ్మ ఫోన్ తీసుకుని, "బిడ్డా, రేపు ఆయన నూలు ఇయ్యకుంటే ఎట్ల?" అంది.

మొదట ఇచ్చిన సంతకం ఉంది, నోటి మాట కూడా ఉంది. నియమం ప్రకారం వాడుకోవచ్చు. మేం ముగ్గురం ఒక సాయంత్రం దీనిమీదే కూర్చున్నాం. ముఖం చూపించకుండా గొంతు మాత్రం పెడదామా అని చూశాం. ఊళ్లో గొంతు చాలు గుర్తుపట్టడానికి. పేరు తీసేద్దామా అంటే, ఆ డిజైన్ చూస్తే ఎవరి మగ్గమో ఆ వ్యాపారికే ముందు తెలుస్తుంది. సినిమా వల్ల మాకు వచ్చేది ఒక డిప్లొమా. వాళ్లకు పోయేది నూలు. సీను తీసేశాం. సినిమా బలహీనపడింది, ఆ మాట నిజం. ఆ ఖాళీని వేరే దేనితోనూ కప్పే ప్రయత్నం చేయలేదు.

ఇప్పుడు మళ్లీ చేస్తే

ఐదు రోజులు ముందే పెడతాను, మూడు షెడ్యూళ్లు పోయాక కాదు. రెక్కీ (షూటింగ్‌కు ముందు చోటు చూసిరావడం) అంటే విద్యార్థులు లొకేషన్ ఫొటోలు తీసుకొస్తారు, కిటికీ ఏ దిక్కున ఉందో రాసుకొస్తారు. దానికి బదులు ఒకే ప్రశ్న పెట్టాలి: ఈ పనిలో ఏది ఎప్పుడు ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది? ఇది నేతకే కాదు. కుమ్మరి సారె దగ్గర, చేపల రేవులో, ఆస్పత్రి వార్డులో కూడా మనుషులు పని ఆగినప్పుడే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

స్లోమోషన్ గురించి నా అభిప్రాయం ఈ కేసు తర్వాత గట్టిపడింది. శ్రమ మీద స్లోమోషన్ వాడితే దాని లయ పోతుంది, శబ్దం పోతుంది. రోజుకు ఎనిమిది గంటల కూలి పని ధ్యానంలా కనపడుతుంది. దాన్ని నేను నిషేధించను కానీ, వాడే ముందు ఆ పని చేసే మనిషి దాన్ని చూస్తే ఏమనుకుంటాడో అడగమంటాను.

పదకొండు నిమిషాల నియమం అందరికీ పనికొస్తుందని చెప్పలేను. తర్వాత ఇంకో విద్యార్థికి పెడితే, అతను గడియారం చూసుకుంటూ మనుషుల్ని చూడటం మానేశాడు. ఈమెకు పనిచేసింది ఎందుకంటే అప్పటికే చెవికి పని తెలుసు.

వాళ్లింట్లో

జ్యూరీలో ముగ్గురు ఉన్నారు. మంచి మాటలే చెప్పారు. ఒకరు మాత్రం విజువల్‌గా ఇంకా అందం ఉండాల్సింది అన్నారు. ఆమె తలూపి ఊరుకుంది.

వారం తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి వెళ్లారు. నేనూ వెళ్లాను. మగ్గం పక్కనే నేల మీద కూర్చుని చూశాం. పెద్దమ్మ తన భుజం షాట్ వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఏమీ అనకుండా చివరిదాకా చూసి, "మల్ల ఒక్కసారి పెట్టు బిడ్డా" అన్నాడు.

రెండోసారి ఆరో నిమిషం దగ్గర ఆపమని చెయ్యి చూపాడు. "గీడ చూడు. నాడె ఎడమకెల్లి వచ్చింది. మల్ల ఎడమకెల్లే వచ్చింది. అటు పోయింది ఇటు రాకుండ మల్ల అటు ఎట్ల పోతది?"

రెండు టేకులు కలిపిన చోటు అది. మేం కనీసం ముప్పైసార్లు చూశాం, జ్యూరీ చూసింది, ఎవరి కంటా పడలేదు. అమ్మాయి అక్కడే ప్రాజెక్ట్ తెరిచి, మొదటి షాట్ చివర కొన్ని ఫ్రేములు పొడిగించింది. నాడె కుడి నుంచి తిరిగి వచ్చాక కట్ పడింది. ఆయన ఇంకోసారి పెట్టించుకుని చూశాడు. "ఆ, ఇప్పుడు సరే" అని లేచి గుంటలోకి దిగాడు.